తుపాను కేంద్రంలో పసిపిల్లల లెక్క వేరు

బంగాళాఖాతంలో వాయుగుండం ముదిరి విశాఖ వైపు తిరిగిందంటే ముందుగా ఖాళీ చేయించేది జాలారిపేట, మంగమారిపేట, భీమిలి, గంగవరం వైపు మత్స్యకార వాడల్ని. ఆ తర్వాత కొండవాలు కాలనీలు, జ్ఞానాపురం లాంటి పల్లపు వీధులు. దగ్గర్లోని మున్సిపల్ స్కూలో, కల్యాణమండపమో రెండు మూడు రోజులు అందరికీ ఇల్లవుతుంది. సాయానికి వచ్చేవాళ్ళు పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు పంచి, తలలు లెక్కపెట్టుకుని వెళ్తారు. ఆరు నెలల పాప ఆ లెక్కలో ఒక తలే, కానీ ఆ పొట్లం ఆమెకు ఎందుకూ పనికిరాదు. పెద్దవాళ్ళకు రెండు రోజుల నీరసంతో పోయే విరేచనాలు ఆమెను ఒక్క పూటలో ప్రమాదంలో పడేస్తాయి.

అందుకే పసిపిల్లల లెక్క వేరుగా తీయాలి. సుమారు 200 మంది తలదాచుకున్న కేంద్రంలో ఐదేళ్ళ లోపు పిల్లల్ని సాయానికి వచ్చిన ముగ్గురు నలుగురు కలిసి ఎలా కనిపెట్టుకోవాలో కింద రాస్తున్నాం. వైద్యం ఏఎన్ఎం (వార్డు నర్సు), డాక్టర్ల పని. ఎవరిని, ఎప్పుడు వాళ్ళ దగ్గరకు చేర్చాలో తెలుసుకోవడం, అక్కడిదాకా రాకుండా చూసుకోవడం మీ పని.

గాలి మొదలవకముందు

హెచ్చరిక రాగానే వార్డు సచివాలయానికి వెళ్ళి ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును కలవండి. ఏ ఇంట్లో ఎంత వయసు బిడ్డ ఉన్నాడో, ఎవరి బరువు తక్కువగా ఉందో అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంటుంది. కేంద్రానికి వచ్చాక మొదటి నుంచి రాయడం కంటే ఆ జాబితా పట్టుకుని టిక్కులు పెట్టుకోవడం తేలిక. నెలలు నిండిన గర్భిణులుంటే గాలికి ముందే ఘోషా (ప్రసూతి) ఆసుపత్రికో కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్) పంపించే ఏర్పాటు చెయ్యమని అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు 108కి ఫోను కలుస్తుందన్న నమ్మకం లేదు. ఆసుపత్రికి రెండు దారులు, బండి ఇవ్వగల ఇద్దరి ఇళ్ళు కాగితం మీద రాసి గోడకు అంటించండి. పక్కనే 108, జిల్లా విపత్తుల కంట్రోల్ రూమ్ 1077, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు ఉండాలి. ఖాళీ చేసే తల్లులకు చెప్పాల్సింది ఒక్కటే: టీకాల కార్డు, బిడ్డ వాడుతున్న మందులు ప్లాస్టిక్ కవరులో పెట్టి జాకెట్లోనో సంచి అడుగునో పెట్టుకోమని.

200 మందిలో ఐదేళ్ళ లోపువాళ్ళు 20 మంది ఉంటారనుకుని సరుకు సిద్ధం చేసుకోండి. లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ (విరేచనాలకు పట్టే ఉప్పు, గ్లూకోజు పొడి) ప్యాకెట్లు 60, జింకు 20 మిల్లీగ్రాముల బిళ్ళలు 100, క్లోరిన్ బిళ్ళలు, మూతా కుళాయీ ఉన్న 20 లీటర్ల క్యాన్లు నాలుగు, లీటరు గీత ఉన్న సీసాలు ఐదు, స్టీలు గ్లాసులు, చెంచాలు, డిజిటల్ థర్మామీటర్లు రెండు, దండ (మోచేతికి పైభాగం) చుట్టుకొలత చూసే రంగుల టేపులు రెండు, సబ్బులు, పాత కాటన్ చీరలు, టార్చిలైట్లు. ఓఆర్ఎస్, జింకు ఏఎన్ఎం దగ్గర ఉచితంగా దొరుకుతాయి, ముందు అక్కడ అడగండి. పాత చీరలను తక్కువగా చూడొద్దు. బిడ్డను తుడవడానికి, చుట్టడానికి, తెర కట్టడానికి, నీళ్ళు వడకట్టడానికి అవే దిక్కు.

గది, రిజిస్టరు

తలకు 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని అంతర్జాతీయ సహాయ ప్రమాణాలు చెబుతాయి. 6 మీటర్లకు 8 మీటర్ల తరగతి గదిలో ఆ లెక్కన 13 మందే పడతారు. మొదటి రాత్రి అది కుదరదు, 40 మంది కూడా పడుకుంటారు. కానీ ఒక పని మాత్రం ఆ రాత్రే చెయ్యొచ్చు. రెండేళ్ళ లోపు బిడ్డలున్న కుటుంబాలన్నిటికీ జల్లు కొట్టని, పొయ్యి పొగ రాని గది ఒకటి విడిగా కేటాయించండి. జనరేటరు ఆ గది కిటికీ కింద గానీ వరండాలో గానీ పెట్టనివ్వకండి. దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, తలుపులు బిగించిన గదిలో నిద్రపోతున్న వాళ్ళకు అది తెలియదు.

తడిసి వచ్చిన బిడ్డ బట్టలు వెంటనే మార్చాలి. నెలలోపు పసికందయితే తడి తుడిచి, తల్లి గుండెకు ఒంటికి ఒళ్ళు ఆనేలా పెట్టి, పైన చీర చుట్టి, తలకు టోపీ పెట్టండి. పసికందుకు ఇంతకు మించిన వెచ్చదనం లేదు.

రిజిస్టరులో బిడ్డ పేరు, వయసు నెలల్లో, తల్లి పేరు, ఎవరి దగ్గర ఉంటున్నాడు, టీకాలు, దండ కొలత ఉండాలి. ‘ఎవరి దగ్గర ఉంటున్నాడు’ అన్న గడిని ఖాళీగా వదలకండి. గాలి తగ్గగానే తండ్రి పడవ, వలలు ఏమయ్యాయో చూసుకోవడానికి రేవుకు పరిగెడతాడు, తల్లి ఇంటి కప్పు చూసుకోవడానికి వెళ్తుంది. పగలంతా బిడ్డ మామ్మ చేతిలోనే ఉంటాడు. మీరు తల్లికి చెప్పిందంతా మామ్మకు చేరదు. ఏది నేర్పినా మామ్మను కూడా కూర్చోబెట్టి నేర్పండి.

రోజూ పొద్దున, సాయంత్రం ఒకే మనిషి ప్రతి బిడ్డ దగ్గరకూ వెళ్ళాలి. ‘బిడ్డ బాగున్నాడా అమ్మా?’ అని అడిగితే ‘బాగానే ఉన్నాడు’ అనే జవాబే వస్తుంది. ‘పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోశాడు? ఎన్నిసార్లు పాలు తాగాడు? ఎన్నిసార్లు బయటికి వెళ్ళాడు?’ అని అడగండి. ఆరు గంటలుగా ఉచ్చ పోయని బిడ్డ ఆ లెక్కలోనే దొరుకుతాడు.

నీళ్ళు

తాగడానికి, వంటకు, కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకు 15 లీటర్లు, అంటే 200 మందికి 3,000 లీటర్లు కావాలి. ట్యాంకరు వచ్చిందని ఊరుకోకండి, ఆ నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూడాలి. వెయ్యి లీటర్ల తేట నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు, సుమారు అర టీస్పూను, సరిపోతుంది. పొడిని నేరుగా ట్యాంకులో పోయకూడదు. మగ్గులో కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, బకెట్టు నీళ్ళు చేర్చి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి. అరగంట ఆగాక పరీక్ష కిట్టుతో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. లేకపోతే మళ్ళీ వేయాలి. ఎక్కువసార్లు తప్పు జరిగేది పొడి దగ్గరే. తెరిచిన సంచి తేమ పీల్చుకుని నెలల్లో సారం కోల్పోతుంది. ఘాటు వాసన రాని పొడిని పక్కన పడేయండి. బురద నీరైతే క్లోరిన్ ఆ బురదతోనే ఖర్చయిపోతుంది కాబట్టి, ముందు తేరనిచ్చి నాలుగు మడతల చీరతో వడకట్టండి. క్లోరిన్ బిళ్ళలు రకరకాల సైజుల్లో వస్తాయి. ఏ బిళ్ళ ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసి, క్యాను మీద మార్కరుతో రాసిపెట్టండి.

క్యానులో గ్లాసు ముంచనివ్వొద్దు. నీటిని చివరికి పాడుచేసేది చెయ్యే. కుళాయి దగ్గర సబ్బు పెడితే గంటలో మాయమవుతుంది, పాత సాక్సులో వేసి కుళాయికి కట్టండి. ‘చంటివాడి మలంలో ఏముంది’ అని వరండా చివర కడిగేస్తారు. రోగాన్ని మోసేది అదే. కాగితం మీద ఎత్తి మరుగుదొడ్డిలోనే వేయించండి, ఆ చోట బ్లీచింగ్ నీళ్ళు పోయండి. స్కూలు మరుగుదొడ్లు చీకటిగా ఉంటే పిల్లలు లోపలికి వెళ్ళరు. రాత్రంతా అక్కడ ఒక దీపం వెలగాలి.

విరేచనాలు మొదలైతే

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. రెండో నీళ్ళ విరేచనానికే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. బిడ్డను చంపేది విరేచనం కాదు, దానితో పోయే నీరు, ఉప్పు.

చేతులు కడుక్కుని, లీటరు గీత ఉన్న సీసాలో సరిగ్గా లీటరు మంచినీళ్ళు పోసి, ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్టు అరలీటరుకు అని కళ్ళతో పంచకండి. ఉప్పు, గ్లూకోజు ప్యాకెట్టులో సమానంగా కలిసి ఉండవు. లీటరు ప్యాకెట్టును గ్లాసు నీళ్ళలో కలపడం మాటిమాటికీ జరిగే తప్పు. ఆ చిక్కటి ఉప్పు నీరు ఒంట్లో సోడియం పెంచి ఫిట్స్ దాకా తీసుకెళ్తుంది. 200 మి.లీ.కి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి. రెండు రకాలూ ఒకే పెట్టెలో పెట్టకండి. కలిపిన టైము సీసా మీద రాయండి, 24 గంటలు దాటితే పారబోయాలి. చక్కెర, నిమ్మకాయ, మజ్జిగ అందులో కలపకూడదు, కాచకూడదు.

దాతలు తెచ్చే అట్టపెట్టె పానీయాల విషయంలో జాగ్రత్త. ఓఆర్ఎస్ అన్న పేరుతో చక్కెర నీళ్ళు ఏళ్ళ తరబడి అమ్ముడుపోయాయి. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అంత చక్కెర కడుపులోకి ఇంకా నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ప్యాకెట్టు అసలు దొరకని పూట లీటరు నీళ్ళకు గీచిన ఆరు టీస్పూన్ల చక్కెర, గీచిన అర టీస్పూను ఉప్పు కలపండి. రుచి చూస్తే కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు.

రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., అంటే పావు నుంచి అర గ్లాసు. రెండేళ్ళు దాటితే అర గ్లాసు నుంచి గ్లాసు. రెండు నెలల లోపు పసికందుకు విరేచనాలైతే తల్లిపాలు ఆపకుండా నేరుగా డాక్టరు దగ్గరకే తీసుకెళ్ళాలి. దాహంతో ఉన్న పిల్లాడు గటగటా తాగి వెంటనే కక్కేస్తాడు, అప్పుడు మామ్మ ‘వాడికి పడట్లేదు’ అని మానేస్తుంది. కక్కితే పది నిమిషాలు ఆగి, నిమిషానికో చెంచా చొప్పున మళ్ళీ మొదలుపెట్టాలి. చెంచా మెల్లగా పట్టే ఓపిక ఉన్న మనిషిని బిడ్డ పక్కన కూర్చోబెట్టడమే ఇక్కడ అసలు వైద్యం.

కళ్ళు గుంటలు పడ్డాయా, మాడు లోపలికి పోయిందా, ఏడిస్తే కన్నీరు రావట్లేదా చూడండి. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదలండి. మెల్లగా వెనక్కి వెళ్తే ఒంట్లో నీరు తగ్గిందని గుర్తు. ఏఎన్ఎంను పిలిచి, ఈలోగా కిలో బరువుకు 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో పట్టించాలి. 10 కిలోల పిల్లాడికి 750 మి.లీ. అన్నమాట. చర్మం వెనక్కి వెళ్ళడానికి రెండు సెకన్లు దాటినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఇక కేంద్రంలో ఉంచకూడదు. దారిలోనూ తాగగలిగితే ఓఆర్ఎస్ చెంచాలతో పడుతూనే ఉండాలి.

జింకు మొదటి రోజే మొదలవ్వాలి. రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకు రోజుకు అర బిళ్ళ తల్లిపాలలో కరిగించి, ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వాళ్ళకు ఒక బిళ్ళ చెంచా నీళ్ళలో కరిగించి, 14 రోజులు. విరేచనాలు మూడో రోజు తగ్గగానే అందరూ ఆపేస్తారు. మిగిలిన 11 రోజులు పేగు పూత కోలుకోవడానికి, మళ్ళీ రాకుండా ఉండటానికి. విరేచనాలు కట్టే బిళ్ళలు పెద్దవాళ్ళవి పిల్లలకు వేయకూడదు. అన్నం, పాలు ఆపకూడదు. ‘కడుపు మాడిస్తే కట్టుకుంటాయి’ అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. దానికి ఎదురు వాదించకుండా, పెసరపప్పు జావ చేసి మామ్మ చేతికే ఇచ్చి పట్టించండి.

తల్లిపాలు, డబ్బా పాలు

పెద్ద మనసుతో వచ్చే దాతలు ముందుగా తెచ్చేది పాలపొడి డబ్బాలు, పాలసీసాలు. వాటిని తీసుకోకండి. 1992 నాటి చట్టం ప్రకారం శిశువుల పాలపొడిని, పాలసీసాలను దానంగా పంచడం నేరం, అనాథాశ్రమాలకు మాత్రమే మినహాయింపు ఉంది. కారణం తేలిక: మురికినీళ్ళు, కడగని సీసా, కొలత లేని పొడి. రెండు రోజులు సీసా అలవాటైతే బిడ్డ రొమ్ము వదిలేస్తాడు, పాలు తగ్గిపోతాయి, వాన వెలిశాక డబ్బా కొనే డబ్బు ఆ ఇంట్లో ఉండదు. దాతను నొప్పించకుండా, ఆ డబ్బుతో తల్లులకు గుడ్లు, పప్పుచెక్కలు, అరటిపళ్ళు తెమ్మనండి.

భయానికి పాలు ఎండిపోవు. దిగడం కాసేపు ఆలస్యమవుతుంది, అంతే. బిడ్డ చప్పరిస్తుంటే మళ్ళీ దిగుతాయి. 40 మంది మగవాళ్ళ మధ్య ఏ తల్లీ స్థిమితంగా పాలివ్వలేదు. రెండు చీరలు కట్టి మూల ఒకటి చాటు చేసి, ఒక కుర్చీ, ఒక నీళ్ళ సీసా పెట్టండి. ‘వానలో తడిశాను, నా పాలు బిడ్డకు జలుబు చేస్తాయి’ అనే తల్లికి అలా జరగదని ఆడవాళ్ళ చేత, వీలైతే ఏఎన్ఎం చేత చెప్పించండి. నిజంగా తల్లి లేని బిడ్డ ఉంటే పాలపొడి డాక్టరు చెబితేనే, ఉగ్గుగిన్నెతో పట్టాలి. ఉగ్గుగిన్నెను వేడినీళ్ళతో కడగడం క్షణం పని, సీసా పీకను శుభ్రం చెయ్యడం కేంద్రంలో అయ్యే పని కాదు.

ఆరు నెలలు దాటిన వాళ్ళకు వేరే గిన్నె పెట్టాలి. బియ్యం రెండు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు మెత్తగా ఉడికించి, నూనో నెయ్యో చెంచాడు వేసి మెదపండి. కారం వద్దు. తొమ్మిది నుంచి పదకొండు నెలల బిడ్డకు పూటకు అర కప్పు, రోజుకు మూడు నాలుగు సార్లు. ఏడాది దాటితే ముప్పావు కప్పు. చెంచా ఒంపితే జారిపోయేంత పల్చగా ఉంటే కడుపు నిండుతుంది కానీ బలం రాదు. అంగన్‌వాడీ నుంచి బాలామృతం దొరికితే తీసుకోండి. వండి రెండు గంటలు దాటిన అన్నం పసిపిల్లలకు పెట్టకండి.

ఊపిరి, జ్వరం, తట్టు

దగ్గుతున్న బిడ్డ చొక్కా ఎత్తి, ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆ పైన ఐదేళ్ళ దాకా 40 లేదా అంతకు మించితే అది మామూలు జలుబు కాదు. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా అక్కర్లేదు, ఆసుపత్రికే. రెండేళ్ళ లోపు వాళ్ళకు దగ్గుమందు వద్దు. కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయడం, కర్పూరం మూట మెడలో కట్టడం ప్రేమతో చేసే పనులే. కానీ కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి, మెల్లగా నచ్చజెప్పి తీయించండి. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములున్నదీ, 250 ఉన్నదీ రెండూ మందుల షాపుల్లో దొరుకుతాయి. ఒకదాని కొలతతో ఇంకొకటి పోస్తే మందు రెట్టింపవుతుంది. బరువు చూసి ఏఎన్ఎం చెప్పిన కొలతే పోయాలి. రెండు నెలల లోపు బిడ్డకు ఒళ్ళు 37.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, ముట్టుకుంటే చల్లగా తగిలినా, పాలు తాగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు.

జ్వరం, ఎర్రకళ్ళు, ఒళ్ళంతా దద్దుర్లు కనిపిస్తే తట్టు అని అనుమానించాలి. ‘అమ్మవారు పోసింది’ అని బిడ్డను చీర చాటున దాచిపెడతారు. నమ్మకాన్ని తీసిపారేయకుండా, వేపాకు పక్కన పెట్టుకోనిచ్చి, ఆ కుటుంబానికి విడి గది ఇవ్వండి. అదే రోజు ఏఎన్ఎంకు చెప్పండి. కిక్కిరిసిన గదిలో తట్టు మిగతా అన్ని జబ్బుల కంటే వేగంగా పాకుతుంది, టీకా పడని పిల్లల జాబితా అప్పుడే పనికొస్తుంది.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ పిల్లలందరికీ ఎడమ దండ కొలవండి. మోచేయి మడిచి, భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా నడుమ గుర్తు పెట్టి, చెయ్యి వేలాడదీశాక టేపు చుట్టాలి. బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 లోపు పసుపు. ఎరుపు వచ్చినా, రెండు పాదాల మీద మూడు సెకన్లు బొటనవేళ్ళతో నొక్కితే గుంటలు పడినా తీవ్రమైన పోషకాహార లోపం. అలాంటి బిడ్డకు కడుపునిండా ఒకేసారి పెట్టకుండా, వెచ్చగా ఉంచి, కొద్దికొద్దిగా పెడుతూ ఆసుపత్రికి చేర్చాలి.

భయం, భద్రత

రేకుల చప్పుడు విన్న పిల్లలు వారం తర్వాత కూడా చిన్నగాలికే ఉలిక్కిపడతారు, పక్క తడుపుతారు, తల్లి కొంగు వదలరు. ఇది మొండితనం కాదు, తిట్టకూడదని పెద్దవాళ్ళకు చెప్పండి. ఏం జరిగిందో చెప్పమని పిల్లల్ని గుచ్చి అడగకండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే మనుషులతో ఆట ఉండాలి. తొక్కుడుబిళ్ళ, అచ్చనగాయలు, ఏడుపెంకులాట చాలు, బొమ్మల పెట్టె అక్కర్లేదు. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే పిల్లలు కుదుటపడతారు.

ఆట చోట ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, ఒక్కరే బిడ్డను పక్కకు తీసుకెళ్ళకూడదు. పేరు, ఫోను నంబరు చొక్కా లోపలి వైపు గుడ్డముక్క మీద రాసి కుట్టండి. బయటికి కనిపించే బిళ్ళ కడితే పేరు పెట్టి పిలిచే అపరిచితుణ్ణి బిడ్డ నమ్మేస్తాడు. ఒంటరిగా దొరికిన బిడ్డను ‘మేం చూసుకుంటాం’ అన్నవాళ్ళకు ఎంత మంచివాళ్ళయినా అప్పగించకండి. 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పాలి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి. బిడ్డ మీద లైంగిక వేధింపు జరిగిందని అనుమానం వచ్చినా పోక్సో చట్టం కింద ఫిర్యాదు చెయ్యడం తప్పనిసరి, కప్పిపుచ్చడం నేరం. దాతలు అడిగినా పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు తీయనివ్వొద్దు.

ఇంటికి వెళ్ళే రోజు

కేంద్రం ఖాళీ అయ్యే ఉదయం హడావిడిలో ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఆ ముందు రాత్రే జింకు మొదలైన ప్రతి బిడ్డకూ ఎన్ని బిళ్ళలు మిగిలాయో లెక్కగట్టి, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లతో కలిపి పొట్లం కట్టండి. ఏ తేదీ దాకా వేయాలో పొట్లం మీద రాయండి. ఇంటి తొట్టెలు కడిగి క్లోరిన్ నీళ్ళు నింపుకునేదాకా వాడుకోవడానికి ఒక 20 లీటర్ల క్యాను నింపి ఇస్తే మంచిది. విరిగిన రేకులు, మేకులు, తెగిన కరెంటు తీగలు తీసేదాకా పిల్లల్ని ఇంటి దగ్గరకు తేవద్దని చెప్పండి. మేకు గుచ్చుకుంటే సబ్బు నీళ్ళతో కడిగి, ధనుర్వాతం టీకా కోసం అదే రోజు వెళ్ళాలి. పాము కరిస్తే కట్టు కట్టకుండా, కోయకుండా, ఆ కాలో చెయ్యో కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పసుపు, ఎరుపు వచ్చిన పిల్లల పేర్లు, టీకా పడని వాళ్ళ పేర్లు, విరేచనాలు తగ్గని వాళ్ళ పేర్లు మూడు విడి కాగితాల మీద రాసి ఏఎన్ఎంకు, అంగన్‌వాడీ టీచరుకు చేతికివ్వండి, వాట్సాప్‌లో ఫోటో తీసి పంపకండి. ఏడో రోజు, పద్నాలుగో రోజు ఆ ఇళ్ళకు ఆశా కార్యకర్తతో కలిసి వెళ్ళి, దండ మళ్ళీ కొలిచి, జింకు పొట్లంలో బిళ్ళలు లెక్కపెట్టండి.